కొర్లమ్మ అడగమన్న మాట

ఉత్తరాంధ్ర సముద్రతీరం నుంచి గెలిచి ఢిల్లీ పార్లమెంటులో వెనక వరసలో కూర్చునే నరసింగరావు అనే సభ్యుడు ఒకడు ఉండేవాడు. మనిషి మంచివాడే గాని, మాట మొదలుపెట్టడం తప్ప ముగించడం ఆయనకు చేతనయ్యేది కాదు.

పెళ్ళికి వెళ్ళి నాలుగు అక్షింతలు వెయ్యమంటే వివాహ ధర్మం గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు. ఊళ్ళో బోరింగు ప్రారంభించమంటే భగీరథుడి దగ్గర ఎత్తుకునేవాడు. నీళ్ళు పట్టుకుందామని వచ్చిన ఆడవాళ్ళు బిందెలు పక్కన పెట్టుకుని కూలబడేవారు. సభలో శుక్రవారం మధ్యాహ్నం మామూలు సభ్యులు కూడా సొంతంగా బిల్లులు పెట్టుకోవచ్చు. నరసింగరావు ఒకసారి అలా ఓ బిల్లు పెట్టాడు. ఆయన పీఠిక పూర్తయ్యేసరికి సభలో మిగిలినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకరు నిద్రపోతున్నారు.

ఇంత మాటకారికీ తీరని కోరిక ఒకటి ఉండేది. నిండు సభలో మంత్రిని నిలబెట్టి ప్రశ్న అడగాలి, దేశమంతా వినాలి. ఆ అదృష్టం అందరికీ దొరకదు. సభ్యులు ప్రశ్నలు ముందుగా రాసి పంపుతారు. అవి గుట్టలుగా వస్తాయి కనుక చీటీలు తీసినట్టు తీసి కొన్నిటికే నక్షత్రం గుర్తు పెడతారు. గుర్తు పడ్డ ప్రశ్నకు మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, ఆ జవాబు మీద సభ్యుడు మళ్ళీ అనుబంధ ప్రశ్న వెయ్యవచ్చు. మిగతావాటికి కాగితం మీద జవాబు వస్తుంది, అంతే. నరసింగరావుకు ఎప్పుడూ కాగితాలే వచ్చేవి. చీటీలు తీసే రోజున ఆయన ఇలవేల్పుకు దండం పెట్టుకుని ఫోను ముందు కూర్చునేవాడు.

ఆ రోజుల్లోనే గుల్లలపేట నుంచి కొర్లమ్మ ఆయన దగ్గరికి వచ్చింది.

గుల్లలపేట చేపలు పట్టేవాళ్ళ ఊరు. మన సముద్రంలో వేట సాగనప్పుడు అక్కడి మగవాళ్ళు పడమటి తీరానికి పోయి బోట్ల మీద కూలికి కుదురుతారు. కొర్లమ్మ భర్త దానయ్య అలాగే వెళ్ళాడు. ఒక గాలివానలో వాళ్ళ బోటు గీటు లేని నీళ్ళలో సరిహద్దు గీటు దాటిపోయింది. పొరుగు దేశం వాళ్ళు పట్టుకుని జైల్లో పెట్టారని కొందరన్నారు. బోటు మునిగిపోయిందని మరికొందరన్నారు. అప్పటినుంచి ఉత్తరం లేదు, ఫోను లేదు. కొర్లమ్మ వెంట అసిరమ్మ అనే ముసలమ్మ కూడా వచ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఎర్రయ్యదీ ఆ బోటే.

నరసింగరావు వాళ్ళను కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, గంగపుత్రుల త్యాగాల గురించి చాలాసేపు చెప్పాడు. కొర్లమ్మ గ్లాసు ముట్టుకోకుండా విన్నది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అంది:

"బాబూ, నాకు పెద్ద మాటలు తెల్దు. మావోణ్ణి మనోలెవులైనా కంటితో సూసినారా? ఆ ఒక్క మాట అడగండి, సాలు. ఉన్నాడంటే ఎన్నాళ్ళైనా ఎదురు సూస్తాను. పొద్దున్నే బొట్టెట్టుకోడానికి సెయ్యి రాటంలేదు బాబూ. ఎట్టుకుంటే ఏటో, మానేస్తే ఏటో."

నరసింగరావుకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. కాని ఆ మాట మరీ చిన్నదిగా, మరీ మామూలుగా అనిపించింది. "పార్లమెంటులో అలా అడగరమ్మా, దానికో పద్ధతుంటుంది. నాకొదిలెయ్యి," అన్నాడు. ఆడవాళ్ళిద్దరూ దండం పెట్టి వెళ్ళిపోయారు.

పొరుగు దేశానికి పట్టుబడ్డ వేటగాళ్ళ మీద ప్రశ్న రాసి పంపాడు. దేవుడు ఎట్టకేలకు చల్లగా చూశాడు. ఆ శీతాకాలం సమావేశాల్లో ఆయన ప్రశ్నకు నక్షత్రం పడింది.

ఇక నరసింగరావు నిద్రాహారాలు మానేశాడు. కళింగ నావికులు జావా, సుమత్రా వెళ్ళిన కాలం నుంచి ఎత్తుకుని, సముద్రాన్ని అమ్మగా కొలిచే జాతి గొప్పతనం మీదుగా నడిచి, చివరికి కొర్లమ్మ మాట దగ్గరికి చేరేలా ఉపన్యాసం తయారు చేసుకున్నాడు. అద్దం ముందు చెప్పుకుంటే ఆయనకే ఒళ్ళు పులకరించింది. గుల్లలపేటకు కబురు పంపాడు. ఊళ్ళో తుఫాను షెల్టరులో టీవీ ఉంది. ఆ రోజు పొద్దున్న వేటకు పోయే బోట్లు కూడా ఒడ్డునే ఆగాయి. అందరికంటే ముందు కొర్లమ్మా అసిరమ్మా వెళ్ళి టీవీకి దగ్గరగా కూర్చున్నారు.

ప్రశ్నలకు సభ ఇచ్చేది ఒక్క గంట. పన్నెండు కొట్టిందంటే ఎంతటి ప్రశ్నైనా అక్కడితో సరి. వరసలో నరసింగరావు వంతు వచ్చేసరికి ఆ గంటలో చివరి నిమిషాలే మిగిలాయి. మంత్రి లేచి, పొరుగు దేశంతో సంప్రదింపులు జరుగుతున్నాయని, వివరాలు సభ ముందు ఉంచామని చెప్పి కూర్చున్నారు. స్పీకరు నరసింగరావును అనుబంధ ప్రశ్న అడగమన్నారు.

నరసింగరావు ఉత్తరీయం సర్దుకుని లేచాడు. "అధ్యక్షా!" అన్నాడు. ఆ ఒక్క పిలుపుకే గుల్లలపేటలో అందరూ కదిలి కూర్చున్నారు. ఆయన జావా ద్వీపానికి ఓడ ఎక్కాడు. తెలుగును ఇంగ్లీషులోకి మార్చి చెవుల్లో చెప్పే అనువాదకుడు ఆ వాక్యం ఎప్పుడు ఒడ్డుకు వస్తుందా అని నోరు తెరుచుకుని కాచుకున్నాడు. "ప్రశ్న అడగండి," అన్నారు స్పీకరు. "అక్కడికే వస్తున్నాను అధ్యక్షా," అని నరసింగరావు సుమత్రాకు వెళ్ళాడు. స్పీకరు మళ్ళీ హెచ్చరించారు. వెనక వరసలో ఎవరో బల్ల చరిచారు. ఆ చప్పుడుకు ఆయనకు మరింత ఉత్సాహం వచ్చింది. తన గొంతు ఆ పెద్ద సభలో తిరిగి తన చెవినే పడడం ఎంతకాలంగానో కోరుకున్న సుఖం. దాన్ని తుంచెయ్యడానికి మనసొప్పలేదు.

"ఈ సందర్భంగా నేను మంత్రిగారిని అడిగేదేమంటే," అన్నాడు చివరికి. గడియారం పన్నెండు చూపించింది. ప్రశ్నల సమయం ముగిసిందని స్పీకరు ప్రకటించారు. మైకు ఆగిపోయింది. టీవీలో నరసింగరావు పెదవులు కదలడం గుల్లలపేట వాళ్ళకు కనిపించింది గాని, మాట వినిపించలేదు.

అయినా ఆయన కుంగిపోలేదు. జిల్లా నుంచి ఫోన్లే ఫోన్లు. కళింగ చరిత్రను ఢిల్లీలో మోగించారని మెచ్చుకున్నారు. ఆ ఉపన్యాసం ముక్కలు ముక్కలుగా అందరి ఫోన్లలో తిరిగింది. వారం తిరక్కుండానే ఆయన గుల్లలపేట వెళ్ళాడు. పూలదండ వేస్తారనే ఆశ కూడా లోపల లేకపోలేదు.

షెల్టరు ముందు కుర్చీ వేశారు. కొబ్బరిబొండం కొట్టి ఇచ్చారు. అసిరమ్మ మెల్లగా కర్ర పొడుచుకుంటూ వచ్చి ఎదురుగా ఇసకలో కూర్చుంది.

"బాబు సానా బాగా సెప్పినాడు. మరి ఆ మాటడగలేదేటి?" అంది.

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. తెలియక అడుగుతోంది, అంతే. పెద్ద సభల రీతి తనకు అర్థం కాలేదేమో, అడిగే ఉంటారేమో, జవాబు ఏదో వచ్చే ఉంటుందేమో అని ఆ ముసలి కళ్ళు ఆయన మొహాన్ని వెతుకుతున్నాయి. నరసింగరావు మొదటిసారిగా మాట కోసం తడుముకున్నాడు. టైము చాలలేదని చెప్పాడు. మళ్ళీ అడుగుతానన్నాడు. కొర్లమ్మ ఆయన్ని చూడకుండా, దూరంగా ఒడ్డుకు వస్తున్న బోట్ల వైపు చూస్తూ నిలబడింది. వచ్చే ప్రతి బోటునూ ఆమె అలాగే చూస్తుందని, అందులో తన మనిషి ఉండడని తెలిసి కూడా దిగేవాళ్ళందరూ దిగేదాకా కదలదని ఎవరో చెప్పారు.

ఆ తర్వాత సమావేశాల్లో నరసింగరావు రోజూ ఆ ఒక్క ప్రశ్నే రాసి పంపాడు. చీటీ పడలేదు. అంతకుముందు తన గొంతు వినిపించాలని చీటీ కోసం ఎదురు చూసేవాడు. ఇప్పుడు ఎదురుచూపు అదే, కారణం వేరు. ఖాళీ సభలో ఆ గడియారం కేసి చూస్తే, తను జావాలోనూ సుమత్రాలోనూ పారేసుకున్న నిమిషాలు మళ్ళీ దొరికితే బాగుండుననిపించేది. చేజారిన నిమిషం ఏ దేశంలోనూ దొరకదు.

వేసవిలో కబురు వచ్చింది. ఎర్రయ్య పొరుగు దేశం జైల్లో చనిపోయాడు. చాలాకాలంగా జ్వరంతో తీసుకుంటున్నాడని, చివరికి ఊపిరాడక పోయాడని ఆ కబురులో ఉంది. మన తరఫున ఎవరైనా వెళ్ళి చూసి ఉంటే జబ్బు సంగతి ముందే తెలిసేదా, తెలిస్తే బతికేవాడా? ఎవరు చెప్పగలరు? కాదని మాత్రం నరసింగరావు తనకు తాను చెప్పుకోలేకపోయాడు.

విమానాశ్రయం నుంచి ఎర్రయ్య శవమున్న పెట్టెను ఆయనే వెంట ఉండి గుల్లలపేటకు తెచ్చాడు. పెట్టె తెరవవద్దని అధికారులు చెప్పారు. అసిరమ్మ దాని మీద చెయ్యి వేసుకుని పొద్దంతా కూర్చుంది. కొడుకును కంటితో చూడడం ఆ తల్లికి చివరికీ దొరకలేదు. కొర్లమ్మ ఆమె పక్కనే ఉండి విసనకర్రతో విసురుతోంది. ఎర్రయ్య జైల్లో ఉన్నాడంటే దానయ్యా అక్కడే ఉండాలి. ఆమెకు ఆశ పుట్టింది సరిగ్గా అక్కడ, ఆ పెట్టె దగ్గర. పుట్టినందుకు సిగ్గుపడి తల దించుకుంది. సంతాపంగా నాలుగు మాటలు చెప్పమని ఊరి పెద్దలు కోరితే నరసింగరావు లేచి నిలబడ్డాడు. కొంతసేపు అలాగే నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.

వానాకాలం సమావేశాలు వచ్చాయి. ఈసారీ ఆయనకు చీటీ పడలేదు. కాని పడమటి తీరం నుంచి గెలిచిన ఒక సభ్యురాలికి అదే విషయం మీద నక్షత్రం పడింది. ఆమె అనుబంధ ప్రశ్నలు అయ్యాక, స్పీకరు అనుమతిస్తే ఇతరులూ ఒకటి అడగవచ్చు. అడగందే అమ్మయినా పెట్టదు కదా అనుకుని నరసింగరావు ముందురోజే స్పీకరు గదికి వెళ్ళాడు. ఒక్క వాక్యం అడుగుతానని, రెండోది మొదలుపెడితే మైకు కట్టెయ్యమని బతిమాలుకున్నాడు. స్పీకరు నవ్వారు. ఆ నవ్వులో నమ్మకం లేదు. పాపం, ఆయన తప్పు మాత్రం ఏముంది.

మర్నాడు సభ్యురాలు చక్కగా అడిగింది. మంత్రి జవాబిచ్చారు. చాలా చేతులు లేచాయి. నరసింగరావూ లేచి చెయ్యెత్తాడు. స్పీకరు చూపు ఆయన దాకా వచ్చి పక్కవాడి మీదికి జారింది. ఇంకొకరిని పిలిచారు. మరొకరిని పిలిచారు. నరసింగరావు చెయ్యి దించలేదు. బడిలో నీళ్ళకు వెళ్తానని అడిగే పిల్లాడిలా అలా నిలబడే ఉన్నాడు. ఇప్పుడు గుల్లలపేటలో ఎవరూ టీవీ ముందు కూర్చుని ఉండరని ఆయనకు తెలుసు. వాళ్ళు మళ్ళీ తనను నమ్మి వేట మానుకోరు. అయినా వాళ్ళు చూస్తూ ఉంటే ఎంత బాగుండునో అనిపించింది.

"నరసింగరావుగారూ, ఒక్క వాక్యం," అన్నారు స్పీకరు చివరికి.

ఎర్రయ్య గురించి చెప్పాలని గొంతు దాకా వచ్చింది. అసిరమ్మ గురించి, పెట్టె గురించి, తన తప్పు గురించి కూడా. ఆ మాటలన్నీ ఒక్క గుక్కలో మింగేశాడు.

"అధ్యక్షా, పట్టుబడ్డ మా చేపల వేటగాళ్ళను మనవాళ్ళు ఎవరైనా కంటితో చూశారా?"

అని కూర్చున్నాడు. అనువాదకుడు అలవాటుకొద్దీ తరవాతి మాట కోసం ఆగాడు. అది రాదని తెలిశాక, ఆ ఒక్క వాక్యాన్నీ అందరి చెవుల్లో పెట్టాడు. సభలో గుసగుసలు తగ్గాయి. మంత్రి ముందున్న కాగితాలు తిప్పారు. రాయబారాల సంగతి ఉంది, చర్చల సంగతి ఉంది, ఇది మాత్రం లేదు. అధికారులు కూర్చునే చోటి నుంచి ఒక చీటీ వచ్చింది. చదువుకుని, "లేదు," అన్నారు. అప్పుడు మంత్రే మళ్ళీ అన్నారు, "ఈ సమావేశాలు ముగిసేలోగా మన అధికారి వెళ్ళి ఒక్కొక్కరినీ చూసి వస్తారు. ఇది సభకు నేనిస్తున్న మాట."

సభలో మంత్రి ఇచ్చిన మాట గాలికి పోదు. దాన్ని రాసుకుని, నెరవేరిందా లేదా అని వెంటపడి అడగడానికి సభ్యుల సంఘమే ఒకటి ఉంది. అధికారి వెళ్ళాడు, చూశాడు. దానయ్య బతికే ఉన్నాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది, దగ్గుతున్నాడు, మందులు ఇప్పించారు. తన ఇంటిది ఎలా ఉందని పదేపదే అడిగాడట.

ఈ సంగతి నరసింగరావు ఫోనులో చెప్పినప్పుడు కొర్లమ్మ ఇసకలో చేపలు ఆరబెడుతోంది. విన్నాక చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్ళి బొట్టు పెట్టుకుని వచ్చింది. తరవాత మిగిలిన చేపలు ఆరబెట్టింది.

ఆ పైన నరసింగరావు ఒక శుక్రవారం మళ్ళీ బిల్లు పెట్టాడు. అందులో ఉన్నది ఒకటే సంగతి: సముద్రంలో మనవాడు పట్టుబడితే మన మనిషి గడువులోగా వెళ్ళి చూడాలి, చూసి ఇంటికి కబురు చెప్పాలి. ఆయన ప్రసంగం మొదలైందని గ్రహించి సభ్యులు లేచి వెళ్ళబోయేలోపే అది ముగిసింది. ఎటూ లేచారు కనుక నిలబడే విన్నారు. అదే పద్ధతిని ప్రభుత్వం పాటిస్తుందని మంత్రి హామీ ఇచ్చారు. ఆనవాయితీ ప్రకారం నరసింగరావు బిల్లు వెనక్కు తీసుకున్నాడు.

దానయ్య విడుదలై వచ్చేసరికి మళ్ళీ వేటకాలం వచ్చింది. స్టేషన్లో మేళం, దండలు. నరసింగరావు మనుషులు మైకు కూడా తెచ్చారు. రైలు ఆగింది. కొర్లమ్మ తలుపు దగ్గరే నిలబడి, మొదట దిగినవాళ్ళను, తరవాత దిగినవాళ్ళను చూస్తోంది. బోట్ల దగ్గర చూసి చూసి అలవాటైన చూపు అది. దానయ్య దిగాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

జనం లోంచి అసిరమ్మ వచ్చింది. ఆమెకు రైల్లో వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. అయినా పొద్దుటే అందరి కంటే ముందు బయల్దేరింది. దానయ్య మొహాన్ని రెండు చేతులతో తడిమింది.

"మావోణ్ణి ఆకరిసారి సూసినోడివి నువ్వేరా దానయ్యా. ఏటన్నాడురా?"

దానయ్య తల దించుకునే చెప్పాడు.

"మనోలెవులైనా వొచ్చి మనల్ని సూస్తారేట్రా అని రోజూ అడిగీవోడు పెద్దమ్మా. తలుపు సప్పుడైతే సాలు, జొరంలో కూడా లేచి కూకునీవోడు."

అసిరమ్మ తల ఊపింది. "ఆడూ అదే అడిగినాడన్నమాట," అంది.

పక్కనే నిలబడ్డ నరసింగరావుకు ఆ మాట వినిపించింది. జైల్లో ఉన్నవాడు అడిగిందీ, ఇసకలో కూర్చున్న తల్లి అడిగిందీ ఒకే మాట. ఆ రెండిటి మధ్యా ఆ మాటను మోసుకుపోవలసినవాడు తను. మోసుకుపోతూ దారిలో జావా చూడబోయాడు. ఎవరో మైకు తెచ్చి ఆయన నోటి దగ్గర పెట్టారు. ఆయన దాన్ని మెల్లగా పక్కకు తీసి, అసిరమ్మ చేతికర్ర కింద పడితే వంగి తీసి ఆమె చేతికి ఇచ్చి, ఇంటిదాకా ఆమె వెనకే నడిచి వెళ్ళాడు.

నీతి: నోరు లేనివారి కోసం నోరు విప్పేవాడు ముందు వారి మాటే అడగాలి; తన గొప్ప కోసం వాడుకున్న ప్రతి నిమిషమూ ఎదురుచూసేవాళ్ళ బతుకులోంచి తీసుకున్నదే.